చదువూ ఆరోగ్యమూ: మా చాందా చెప్పే చరిత్ర

ఈసారి మన పాఠశాల పత్రికకు చరిత్ర విభాగంలో "చదువు – ఆరోగ్యం" అనే అంశం మీద వ్యాసం రాయమని మా సార్ చెప్పారు. ఇంటికి వెళ్ళి ఆ మాట మా నాయనమ్మతో అన్నాను. ఆమె దేవుడి దగ్గర పెట్టడానికి వత్తులు చేస్తోంది. తల ఎత్తకుండానే, "చదువుకుంటే జరం తగ్గుతదా బిడ్డా?" అని అడిగింది. నేను నవ్వేశాను. కానీ రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

రెండు రోజుల తరువాత నాయనమ్మ తనంతట తానే ఒక సంగతి చెప్పింది. మా తాత కరీంనగర్ వైపు నుంచి బొగ్గుబాయి పనికి బల్లార్షా వచ్చాడు. మా బాపు కంటే ముందు వాళ్ళకు ఒక కొడుకు ఉండేవాడట. 1976 ఎండాకాలంలో, పద్నాలుగు నెలల పిల్లవాడికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. నీళ్ళు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని చుట్టుపక్కల పెద్దవాళ్ళు చెప్పారు.

"నీళ్ళు తాపొద్దన్నరు బిడ్డా. వాడు గిలాస దిక్కు చెయ్యి చాపిండు. నేను గిలాస దాచిన. మూడో నాడు పోయిండు. గప్పుడు మాకేం ఎరుక?"

అంతే చెప్పి మళ్ళీ వత్తులు చేసుకుంది. మా ఇంటి చరిత్రలో ఇది నాకు తెలియని పేజీ. ఆ రోజు నుంచి ఈ వ్యాసం నాకు మార్కుల కోసం రాసేదిగా అనిపించలేదు. నాయనమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మన జిల్లా చరిత్రను చదివాను. నాకు అర్థమైనంత వరకు మీకు చెప్తాను.

ముందుగా మన ఊరి కథ. చంద్రపూర్‌ని పెద్దవాళ్ళు ఇప్పటికీ చాందా అంటారు. 15వ శతాబ్దంలో గోండు రాజు ఖాండక్యా బల్లాళ్‌షా రాజధాని సిర్పూర్‌లో ఉండేది. అది ఇప్పుడు తెలంగాణలో, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. రాజు ఒంటి నిండా గడ్డలు, పుండ్లు. ఏ మందుకూ తగ్గలేదు. రాణి సలహా మీద సిర్పూర్ వదిలి వార్ధా నది ఒడ్డున బల్లార్పూర్ కోట కట్టించుకున్నాడు. ఒకనాడు వేటకు వెళ్ళి దాహమేసి, ఎండిపోయిన ఝర్పట్ వాగులో ఒక గుంటలో నీళ్ళు కనిపిస్తే తాగి, కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కున్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. తెల్లారేసరికి పుండ్లు మాయమయ్యాయట. అది చూసిన రాణి, ఆ నీళ్ళు ఎక్కడివో చూపించమని రాజును వెంటబెట్టుకుని వెళ్ళింది. ఆ చోటనే అచలేశ్వర్ గుడి కట్టారు, తరువాత ఆమె మాట మీదే అక్కడ ఊరు వెలిసింది అంటారు. అదే మన చంద్రపూర్.

ఇది కథే. నిజంగా ఇలాగే జరిగిందని నేను అనను. కానీ మన ఊరు పుట్టిన కథే ఒక జబ్బు కథ కావడం నాకు వింతగా తోచింది. ఇందులో నాకు నచ్చింది రాణి. రాజు బాగయ్యాడని సంతోషించి ఊరుకోలేదు. "ఎలా తగ్గింది? ఎక్కడ?" అని అడిగింది. చదువు మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే కదా.

ఇక నిజమైన చరిత్రకు వద్దాం. 1897 సంవత్సరం తీసుకోండి. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు పుణెకు పాకింది. ప్లేగు క్రిమిని యెర్సాన్ అనే డాక్టరు హాంకాంగ్‌లో 1894లోనే కనిపెట్టాడు. 1897 జనవరిలో హాఫ్‌కిన్ అనే శాస్త్రవేత్త బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసి మొదట తనకే వేసుకున్నాడు. అంటే జ్ఞానం వచ్చేసింది. కానీ జనానికి చేరలేదు. రోగిని ఎక్కడికి తీసుకెళ్ళి ఏం చేస్తారో తెలియక చాలామంది ఇళ్ళలోనే దాచిపెట్టారు.

ఆ సమయంలో సావిత్రీబాయి ఫులే, డాక్టరైన కొడుకు యశ్వంత్‌తో కలిసి పుణె దగ్గర రోగులకు చికిత్స కేంద్రం నడిపారు. 1848లో పుణెలో ఆడపిల్లల కోసం బడి పెట్టి, దారిలో జనం పేడా బురదా విసిరినా ఆగకుండా పాఠం చెప్పింది ఆమే. ప్లేగు సోకిన ఒక పిల్లవాడిని వీపు మీద మోసుకొచ్చారు. ఆ జబ్బు ఆమెకూ అంటుకుని 1897 మార్చి 10న చనిపోయారు. ప్లేగు ఎలుకల మీది ఫ్లీ అనే చిన్న పురుగుల ద్వారా వస్తుందని సిమండ్ అనే డాక్టరు కరాచీలో తేల్చింది ఆ మరుసటి ఏడు, 1898లో. అదే 1897లో, ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. జ్వరానికి కారణం చెడు గాలి అని వందల ఏళ్ళుగా నమ్మిన లోకానికి కారణం దోమ అని తెలిసింది.

ఒకే సంవత్సరంలో ఇన్ని జరిగాయి. అయినా ఆ తరువాత ఎన్నో ఏళ్ళు మన అడవి పల్లెల్లో మలేరియాతో జనం చనిపోతూనే ఉన్నారు. ఎందుకంటే ఒక డాక్టరుకు తెలిస్తే సరిపోదు. దోమ పుట్టే నీటిగుంట పక్కన ఇల్లున్న మనిషికి తెలియాలి. తెలిసిన సంగతి, తెలియాల్సిన మనిషి దాకా నడిచి రావాలి. ఆ నడకనే నేను చదువు అనుకుంటున్నాను.

భయం కూడా చదువులేమి నుంచే వస్తుంది అనడానికి మన జిల్లాలోనే సాక్ష్యం ఉంది. వరోరాలో మురళీధర్ దేవీదాస్ ఆమ్టే అనే వకీలు ఉండేవారు. ఆయననే మనం బాబా ఆమ్టే అంటాం. ఒక వర్షపు రాత్రి దారిలో పడి ఉన్న కుష్ఠురోగిని చూసి ఆయన భయంతో పారిపోయారు. తరువాత తన భయానికే సిగ్గుపడి వెనక్కి వెళ్ళి ఆ మనిషికి సేవ చేశారు. అక్కడితో ఆగకుండా కలకత్తా వెళ్ళి ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో కుష్ఠు గురించి చదువుకున్నారు. 1949లో మహారోగీ సేవా సమితి స్థాపించారు. వరోరా దగ్గర రాళ్ళూ తుప్పలూ ఉన్న నేలలో ఆరుగురు రోగులు, ఒక కుంటి ఆవు, 14 రూపాయలతో ఆనందవన్ మొదలైందని చెప్తారు.

కుష్ఠు పాపం వల్ల వస్తుందని జనం అనుకునేవారు. కానీ అది ఒక క్రిమి వల్ల వస్తుందని నార్వే డాక్టరు హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. మందులు 1940ల నుంచి వచ్చాయి. అయినా ఊరవతలికి తోసేయడం ఆగలేదు. ఎవరిని ముట్టుకోవడానికి ఊరు భయపడిందో, వాళ్ళే తమ చేతులతో బావులు తవ్వి, పంటలు పండించి, కట్టడాలు కట్టారు. ఆనందవన్‌లో పెట్టిన కాలేజీలో బయటి ఊళ్ళ పిల్లలు కూడా వచ్చి చదువుకున్నారు. మందు రోగికి పనిచేసింది, చదువు ఊరికి పనిచేసింది అని నాకు అనిపించింది. ఊరి జబ్బు కూడా చిన్నది కాదు మరి.

ఇప్పుడు నాయనమ్మ సంగతికి వస్తాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల లక్షల మంది శరణార్థులు మన దేశానికి వచ్చారు. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా వచ్చింది. రక్తనాళంలోకి ఎక్కించే సెలైన్ అయిపోయింది. అప్పుడు డాక్టర్ దిలీప్ మహాలానబిస్ ఉప్పు, గ్లూకోజ్ లాంటివి పొట్లాలు కట్టించి, నీళ్ళలో కలిపి రోగులకు తాగించారు. తాగించింది ఎక్కువగా నర్సులు కాదు, రోగుల ఇంటివాళ్ళే. శిబిరంలో 100 మందిలో సుమారు 30 మంది చనిపోయేవారు, అది 4 లోపుకు తగ్గింది. విరేచనాలతో మనిషి చనిపోయేది ఒంట్లో నీళ్ళూ ఉప్పూ పోవడం వల్ల. పోయినదాన్ని తిరిగి పొయ్యాలి. చక్కెర ఉంటే పేగు ఉప్పునూ నీళ్ళనూ బాగా పీల్చుకుంటుంది. మందంతా ఇంతే.

అది 1971. మా పెదనాన్న పోయింది 1976. మధ్యలో ఐదేళ్ళు. బన్‌గావ్‌లో తెలిసిన సంగతి బల్లార్షాలోని ఒక కార్మికుడి ఇంటి గుమ్మం దాకా రావడానికి ఆ ఐదేళ్ళు చాలలేదు.

నేను మెడికల్ షాపు నుంచి ఓఆర్ఎస్ ప్యాకెట్ తెచ్చి నాయనమ్మకు చదివి వినిపించాను. మొత్తం ప్యాకెట్ ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి, కొంచెం కొంచెంగా తాగించాలి, మిగిలింది 24 గంటల తరువాత పారబొయ్యాలి. ప్యాకెట్ లేకపోతే ఒక లీటరు నీళ్ళకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. ఎంత తాగించినా పిల్లవాడు మగతగా ఉన్నా, తాగలేకపోతున్నా వెంటనే దవాఖానకు తీసుకెళ్ళాలి. అంతా విని నాయనమ్మ ప్యాకెట్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంతేనా?" అంది.

ఆ ఒక్క మాట తరువాత నేను ఏం మాట్లాడాలో తెలియక పుస్తకం తీసుకుని వేరే గదిలోకి వెళ్ళిపోయాను.

ఇదే పాఠాన్ని బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్ళు ఇంటింటికీ తీసుకెళ్ళింది. ఆడ కార్యకర్తలు కోటికి పైగా ఇళ్ళకు వెళ్ళి, మూడు వేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర్ధసేరు నీళ్ళు అని తల్లుల చేతనే కలిపించి నేర్పారు. ఆ తల్లుల్లో చాలామందికి చదవడం రాదు. అంటే చదువంటే అక్షరాలే కాదు. ఇంటికి వచ్చి, కూర్చుని, చేతితో చేయించి చెప్పేదీ చదువే. కానీ చెప్పడానికి వచ్చే మనిషి చదువుకుని ఉండాలి.

దీనికి మన పక్కనే గొప్ప ఉదాహరణ ఉంది. గడ్చిరోలి 1982 దాకా మన చంద్రపూర్ జిల్లాలోనే ఉండేది. 1986 నుంచి అక్కడ డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ సర్చ్ అనే సంస్థ నడుపుతున్నారు. పల్లెల్లో పసిపిల్లలు ఎక్కువగా పుట్టిన మొదటి నెలలోనే చనిపోతున్నారని, చాలా కాన్పులు ఇంట్లోనే జరుగుతున్నాయని వాళ్ళు గమనించారు. డాక్టర్లు ప్రతి ఊరికీ రాలేరు. అందుకని 39 ఊళ్ళలో, కొన్ని తరగతులు చదివిన అదే ఊరి ఆడవాళ్ళను ఎంచుకుని శిక్షణ ఇచ్చారు. వాళ్ళను ఆరోగ్యదూతలు అంటారు. బిడ్డను తూకం వెయ్యడం, వెచ్చగా చుట్టడం, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి పీలుస్తోందో లెక్కపెట్టి న్యుమోనియాను గుర్తుపట్టడం, పుట్టగానే ఊపిరి అందని బిడ్డకు ఊపిరి ఇవ్వడం, అవసరమైతే ఇంజెక్షన్ చెయ్యడం నేర్పారు.

మొదట్లో అక్కడ పుట్టిన ప్రతి 1000 మందిలో 62 మంది నెల లోపే చనిపోయేవారు. మూడేళ్ళలో, 1998కి, అది సుమారు 25కి తగ్గింది. ఈ ఫలితాలు 1999లో లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికలో వచ్చాయి. 2005లో మొదలైన ఆశా కార్యకర్తల పథకంలో ఈ పద్ధతిని 2011లో దేశమంతటా చేర్చారు. అంటే మన వాడలో తలుపు తట్టి "బాలింత ఎలా ఉంది?" అని అడిగే ఆశా తాయి చేసే పనికి దారి పడింది మన పాత చాందా జిల్లా అడవి పల్లెల్లోనే. నన్ను ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. ఆ ఆరోగ్యదూతలు చదివింది మన లాంటి బళ్ళలోనే, కొందరు మనకంటే తక్కువ తరగతులు. నిమిషానికి 60 లెక్కపెట్టడం, రాసుకోవడం, చదవడం వస్తే ఒక బిడ్డ ప్రాణం నిలబెట్టవచ్చు. ఆ 60 దాకా లెక్కపెట్టడం మనం రెండో తరగతిలోనే నేర్చుకుంటాం.

చదువు ఆరోగ్యాన్ని ఎలా మారుస్తుందో లెక్కలతో చూసినవాళ్ళు కూడా ఉన్నారు. జాన్ కాల్డ్‌వెల్ అనే పండితుడు నైజీరియాలో పరిశోధన చేసి 1979లో ఒక సంగతి రాశాడు. చదువుకున్న తల్లుల పిల్లలు తక్కువగా చనిపోతున్నారు, డబ్బు, తండ్రి ఉద్యోగం లాంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. ఎందుకు? బడిలో తల్లి జబ్బుల పాఠం ఎక్కువగా చదివిందని కాదు. చదువుకున్న తల్లి "ఖర్మ" అని కూర్చోదు. ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా బిడ్డను దవాఖానకు తీసుకెళ్తుంది. అక్కడ ప్రశ్న అడుగుతుంది, ఆమె మాట వింటారు. ఇంట్లో కూడా ఆమె మాటకు విలువ వస్తుంది. మా నాయనమ్మ గిలాస ఎందుకు దాచింది? ఆమెకు బిడ్డ మీద ప్రేమ లేక కాదు. ఇరవై ఏళ్ళ కోడలు పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పగలదా? చదువు ఆమెకు ఇచ్చి ఉండేది ఆ ధైర్యాన్ని. మన దేశంలో 1951 జనాభా లెక్కల ప్రకారం 100 మంది ఆడవాళ్ళలో 9 మందికే చదవడం వచ్చేది. అప్పుడు సగటు ఆయుష్షు సుమారు 32 ఏళ్ళు. ఇప్పుడది 70 దగ్గర ఉంది. దీనికి మందులు, టీకాలు, తిండి, నీళ్ళు అన్నీ కారణాలే. వాటన్నిటినీ ఇంట్లోకి తెచ్చిన చెయ్యి మాత్రం ఎక్కువగా చదువుకున్న ఆడవాళ్ళదే అని నా అభిప్రాయం.

అయితే చదువు ఉంటే అన్నీ బాగైపోతాయని రాస్తే అది అబద్ధం అవుతుంది. మన చంద్రపూర్‌లో బొగ్గు గనులు, థర్మల్ విద్యుత్ కేంద్రం, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ తయారుచేస్తే, 83.88 మార్కులతో చంద్రపూర్ నాలుగో స్థానంలో నిలిచింది. పరీక్షలో ఆ మార్కులు వస్తే ఇంట్లో పేడాలు పంచుతారు. ఇక్కడ ఎక్కువ మార్కులంటే ఎక్కువ విషం. దండెం మీది బట్టల మీద నల్లదుమ్ము పదో తరగతి చదివిన ఇంట్లో, అసలు చదవని ఇంట్లో ఒకేలా పడుతుంది. మా తాత దగ్గు ఏ పుస్తకంతోనూ తగ్గలేదు. కాబట్టి ఒక్కొక్కరం చదువుకుంటే సరిపోని జబ్బులూ ఉన్నాయి. కానీ ఆ 83.88 అనే అంకె ఏమిటో చదవగలిగితేనే "మా గాలి ఎందుకు ఇలా ఉంది?" అని ఊరంతా కలిసి అడగగలం. రాణి అడిగిన ప్రశ్న లాంటిదే ఇది కూడా.

మన తెలుగువాళ్ళకు ఇంకొక చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, దవాఖాన బోర్డు మీద మరాఠీ, మందు పొట్లం మీద ఇంగ్లీషు. కిందటి ఏడు నాయనమ్మ ఒకేలా కనిపించే రెండు మందు పట్టీలు కలగాపులగం చేసుకుని, షుగర్ మాత్ర రెండుసార్లు వేసుకుని కళ్ళు తిరిగి పడిపోయింది. చీటీ మీద రాసి ఇచ్చారు, కానీ ఆమెకు చదవడం రాదు. నోటితో మరాఠీలో చెప్పారు, అది సగమే అర్థమైంది. అప్పటి నుంచి నేను పొద్దున మాత్ర మీద సూర్యుడి బొమ్మ, రాత్రి మాత్ర మీద చంద్రుడి బొమ్మ గీసి పెడుతున్నాను. మళ్ళీ పొరపాటు జరగలేదు. కొంతమంది "తెలుగు మీడియంలో చదివితే మహారాష్ట్రలో ఏం లాభం?" అంటారు. మరాఠీ, ఇంగ్లీషు మనం తప్పకుండా బాగా నేర్చుకోవాలి. కానీ ఆ బోర్డు మీది మాటను తెచ్చి నాయనమ్మకు అర్థమయ్యేలా చెప్పాలంటే మన తెలుగూ కావాలి. రెండు ఒడ్లూ తెలిసినవాడే కదా పడవ నడపగలడు.

సోమవారం నాడు బడిలో మనకు నీలం రంగు మాత్ర ఇస్తారు. చాలామంది జేబులో వేసుకుని బయట పారేస్తారు. నేను కూడా పారేసినదాన్నే, దాచడం ఎందుకు? అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. భీమవరంలో 1895లో పుట్టిన మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆయన వైద్యం చదివి అమెరికా వెళ్ళారు. ఆయన నడిపిన పరిశోధనల్లోనే ఫోలిక్ ఆమ్లం తయారైంది, అది స్ప్రూకు పనిచేసింది. ఇంట్లో జరిగిన నష్టాన్ని ఆయన లోకానికి మందుగా మార్చారు. అంత పని మనం చెయ్యలేకపోవచ్చు. ఆ మాత్రను అన్నం తిన్నాక నీళ్ళతో మింగడం మాత్రం చెయ్యగలం. నేను ఇప్పుడు మింగుతున్నాను.

మిత్రులారా, నాయనమ్మ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇది. చదువుతో జ్వరం తగ్గదు. కానీ జ్వరం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో, ఎవరిని అడగాలో చదువు చెప్తుంది. తెలిసిన ఒక్క మంచి సంగతిని మన ఇంట్లో చదువు రానివాళ్ళకు చేరవేసినప్పుడే మనం నిజంగా చదువుకున్నట్టు.

మొన్న మా పక్కింటి చిన్నపాపకు విరేచనాలు పట్టుకున్నాయి. నేను బడి నుంచి వచ్చేసరికి నాయనమ్మ వాళ్ళింట్లో ఉంది. ఆ పాప తల్లి పక్కన కూర్చుని, గిలాస పట్టుకుని, చెంచాతో కొంచెం కొంచెంగా నీళ్ళు తాపిస్తోంది. ప్యాకెట్ నా పుస్తకాల దగ్గర నుంచే తీసుకుందట.

"లీటరు నీళ్ళల్ల మొత్తం కలిపిన. సరిగ్గనే ఉన్నదా బిడ్డా?" అని నన్ను అడిగింది.

సరిగ్గానే ఉంది.